సారు కండువా, శ్రీహరి వీసా

మన నాయకులు పార్టీలు మారడం మానేస్తే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? నేను ఆలోచించాను. పనిమంతులంతా ఉన్న ఊళ్లోనే ఉండిపోతారు. పరాయి దేశం ముఖం చూడకుండానే ముసలివాళ్లయిపోతారు!

అనుమానముంటే హుజూరాబాద్ దగ్గరి మగ్గాల వాడలో శ్రీహరిని చూడండి. నాలుగు పవర్‌లూమ్‌లకు యజమానీ అతనే, మెకానిక్కూ అతనే. చుట్టుపక్కల ఎవరి మగ్గం మొరాయించినా అతనికే కబురు వచ్చేది. ఇంత పనితనం ఉన్నవాడు ఇంటి అన్నం తింటూ, సొంత మంచం మీద పడుకుంటున్నాడంటే దేశానికి ఎంత అప్రతిష్ఠ? ఆ అప్రతిష్ఠను తుడిచేసిన మహానుభావుడు అక్కడి నాయకుడు విద్యాధర్‌రావు.

ఒక ఎన్నికలప్పుడు సారు తమ పార్టీ కండువాలు నేయమని శ్రీహరికి ఆర్డరిచ్చారు. శ్రీహరి రాత్రింబవళ్లు నేశాడు. బట్ట మగ్గం దిగేలోగా సారు పార్టీ దిగారు. పాత రంగు కండువాలు ఇక ఎవరికి కావాలి?

మరుసటి ఎన్నికలకు శ్రీహరి తెలివికి పోయాడు. సారు ఏ పార్టీలోకి వెళ్తారో వాడలో అందరూ చెప్పుకుంటుంటే, ఆర్డరు రాకముందే ఆ రంగు నూలు మగ్గాలకెక్కించాడు. సారు ఇంకో పార్టీలోకి వెళ్లారు! పొద్దున చేరితే మధ్యాహ్నానికల్లా అక్కడ ముందు వరసలో కుర్చీ దొరికింది. వీసా లేదు, ఇంటర్వ్యూ లేదు, ఎక్కడినుంచి వచ్చావన్న ప్రశ్న అసలే లేదు.

మిగిలిపోయిన కండువాలన్నీ కలిపి శ్రీహరి భార్య మమతారాణి బొంత కుట్టింది. అసెంబ్లీలో ఎన్నడూ కుదరని ఐకమత్యం ఆ ఇంట్లో మంచం మీద పరిచి ఉంది. శ్రీహరికి మాత్రం దాని మీద నిద్ర పట్టలేదు. చివరికి నూలు అప్పులు తీర్చడానికి మగ్గాలు పాత ఇనుము కొనేవాళ్లకు పోయాయి. అవి లారీ ఎక్కుతుంటే అతను ఇంట్లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. గొప్ప ప్రయాణాలకు ముందు ఇలాంటి చిన్నచిన్న బాధలు తప్పవు మరి.

పోలెండులో ఒక బట్టల మిల్లువాళ్లు రమ్మన్నారు. బయల్దేరే రోజు సారే స్వయంగా వచ్చి, తాజా పార్టీ కండువా శ్రీహరి మెడలో వేశారు. అది సూరత్‌లో నేసింది.

"అక్కడ్నే ఉండనిస్తరా నిన్ను?" అని అడిగారు.

"ఐదేండ్లు పని చేస్తే, ఇగ ఎప్పటికి ఉండుమని కాయిదమిస్తరట సార్."

"ఐదేండ్లా? మధ్యల ఎటు పోకుండనా?"

"ఎటు పోవద్దట."

సారు ముఖంలో నిజమైన జాలి కనిపించింది.

"ఐదేండ్లు ఒక్క కాడ్నే ఎట్లుంటవురా శ్రీహరి?"

శ్రీహరి ఖాళీ మగ్గాల షెడ్డు వైపు చూశాడు.

"పుట్టినకాన్నుంచి గీడ్నే ఉన్న గద సార్" అన్నాడు. "ఉండుమని ఒక్కలు అనలే."