ఊడని బంపరు

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. మాచర్ల నుంచి బయలుదేరి, వెల్దుర్తి అవతల కాలువ సర్వే చూసుకుని, చీకటి పడేలోగా తిరిగి రావాలి. డ్రైవరు బాలశౌరికి అంతకు మించిన ఆశలు లేవు. భార్య కృపామణి పోయాక ఆశలు పెట్టుకోవడం మానేశాడు.

జీపు యుద్ధంలో పనిచేసి వచ్చింది. దాని ముందు బంపరు మీద ఇనపతాడు చుట్టుకునే వించి ఉంది. జీపు బురదలో దిగబడితే, తాడు కొసను ఏ చెట్టుకో కట్టి వించి తిప్పితే, జీపు తనను తానే లాక్కుని గట్టెక్కాలి. కానీ ఇప్పటికి రెండుసార్లు అలా చేస్తే, రెండుసార్లూ జీపు ఉన్నచోటే ఉంది. బంపరు ఒక్కటే ఊడి చెట్టు దగ్గరికి వెళ్ళింది.

"మళ్ళీ బంపరు ఊడితే నువ్వు ఇంటికి పో" అని రెండోసారి ఊడిన రోజునే చెప్పాడు ఇంజనీరు అమరేశ్వరరావు.

ఆ ఇల్లు కూడా ఆఫీసుదే. ఉద్యోగం పోతే క్వార్టర్సు గదీ పోతుంది. ఆ గదిలో మంచాన పడ్డ తల్లి దేవమ్మ ఉంది.

అందుకే ముందురోజే బాలశౌరి జీపును కమ్మరి జక్కయ్య కొలిమి దగ్గరికి తోలుకుపోయాడు. బంపరును చాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్లు వంకర్లు పోయి ఉన్నాయి. జక్కయ్య ఎడ్లబండి చక్రాల ఇనపపట్టా ముక్కలు కాల్చి, వంచి, బ్రాకెట్లకు రెండు పక్కలా వేసి, వేలెడు లావు రివెట్లు దిగ్గొట్టాడు.

"ఇంక ఊడదుగా బాబాయ్?"

"ఒరేయ్, జీపు మట్టిలో కలిసినా ఈ బంపరు నీ మనవల దాకా ఉంటది."

"నాకు పిల్లలే లేరుగా."

"అయితే ఊరికే ఉంటది."

రాత్రి వాన పడింది. వెల్దుర్తి ఇంకా దూరం ఉండగానే, నల్లరేగడి చేలో జీపు ఇరుసుల దాకా దిగబడింది. కనుచూపు మేర చెట్టు లేదు. పక్కనే ఒక పల్లె తిరనాళ్ళకు ఎడ్ల పందెం బాట గీసి ఉంది. బాట మొదట్లో ఎడ్లు లాగే పందెపు బండ ఉంది. జనం అప్పుడే పోగవుతున్నారు.

ఇంజనీరు కొత్త బూట్లు వేసుకున్నాడు కనుక జీపు దిగలేదు. బాలశౌరే తాడు పట్టుకుని బండ దగ్గరికి వెళ్ళి, పందెం జరిపించే శివరామయ్యను అడిగాడు.

"దీనికి కట్టుకోమంటారా? కదలదుగా?"

"కట్టుకోవయ్యా. రాఘవయ్య ఎడ్లు నురగలు కక్కితేగాని కదలని బండ అది."

వించి తిరిగింది. బంపరు ఊడలేదు. జీపూ కదల్లేదు. ఏళ్ళ తరబడి ఎడ్లు లాగిలాగి అడుగు అరిగిన ఆ బండ, తడి రేగడి మీద జర్రున జారి జీపు దగ్గరికి వచ్చింది.

శివరామయ్య కండువా గాలిలో తిప్పాడు. రాఘవయ్యకూ అతనికీ చానా ఏళ్ళుగా మాటల్లేవు. "చూశారట్రా! కూలబడ్డ జీపు బండను లాగింది! ఎందుకురా ఇంక ఆ ఎడ్లు!"

ఆ మాట రాఘవయ్యకు చేరింది. అతను పందెపు జతను తోలుకుని వచ్చేశాడు.

"ఎవడ్రా మా బండను ముట్టుకుంది?"

"గవర్నమెంటు జీపు" అన్నాడు శివరామయ్య, ఎటో చూస్తూ.

"అయితే బండ పక్కన పెట్టండి. ఆ జీపునే కట్టండ్రా మా ఎడ్లకి! ఏది గట్టిదో తేలుద్ది."

బాలశౌరి ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు నవ్వాడు. "కట్టనివ్వయ్యా. ఖర్చులేకుండా బయటపడతాం."

గొలుసు బంపరుకు తగిలించారు. బంపరు ఊడకూడదని బాలశౌరి మరియతల్లికి మొక్కుకున్నాడు. ఆ తల్లి విన్నది.

జీపు చప్పుడు చేస్తూ బురదలోంచి లేచి బాట మీదికి వచ్చింది. అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. కానీ పందెపు ఎడ్లకు ఆగడం నేర్పరు. బరువు కదిలితే బాట చివరి దాకా పోవాలి, అక్కడ మళ్ళి వెనక్కి రావాలి. డప్పులు మోగాయి. ఇంజనీరు లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. "ఆపండి! ఆపండి!"

"చూడరా, ఆఫీసరు గారికి ఎంత హుషారో!" అని జనం ఈలలు వేశారు.

బాలశౌరి బురదలో పడుతూ లేస్తూ జీపు పక్కన పరుగెత్తాడు. "ఆపండయ్యా! లోపల మనిషున్నాడు!"

"బ్రేకు తొక్కమనవయ్యా ఆయన్ని! మన పరువు పోతంది!" అని శివరామయ్య వెనకనుంచి కేకలు పెట్టాడు.

బాట చివర ఎడ్లు చటుక్కున మళ్ళాయి. జీపు అంత చటుక్కున మళ్ళలేక పక్కకు ఒరిగింది. ఇంజనీరు బురదలో పడ్డాడు. ఒరిగిన జీపును ఎడ్లు ఇంకొంత దూరం ఈడ్చి, అలిసిపోయి నిలబడ్డాయి. అద్దం పగిలింది, స్టీరింగు వంగింది. బంపరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంజనీరు లేచి వచ్చాడు. ముఖంలో కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. రివెట్లను తడిమి చూశాడు.

"ఎవడు బిగించాడు దీన్ని?"

"నేనే బిగించమన్నానండి. తమరు ఊడకూడదన్నారుగా."

"ఇది ఊడుంటే ఎడ్లు బంపరును తీసుకుపోయేవి. నేను సుఖంగా కూర్చునుండేవాణ్ణి! రేపే గది ఖాళీ చెయ్యి."

"మా అమ్మ మంచాన ఉందండి."

"మంచం కూడా తీసుకుపో."

ఆ సాయంత్రం గెలిచిన ఎడ్లకు పసుపునీళ్ళు పోసి, కొమ్ములకు దండలు చుట్టి, బెల్లం తినిపించారు. బాలశౌరి గుక్కెడు మంచినీళ్ళు అడిగితే, ఓడినవాళ్ళకు కుండలో లేవన్నారు.