అందరూ అడ్మిన్లే

ఆ రోజు పొద్దున్న చిన్నల్లుడు వేసుకున్న పథకం చాలా తేలిక. మామగారి ఫర్నిచర్ షాపులో ఆర్డర్లు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టాలి, అందరికీ వాళ్ళ వాళ్ళ ఫోన్లలో అకౌంట్లు తెరవాలి, మధ్యాహ్నం అది మామగారికి చూపించి మేనేజరు కుర్చీ కొట్టేయాలి. కుర్చీ ఎవరిదో ఆ పూటే తేల్చేస్తానని మామగారు చెప్పి ఉన్నారు. పోటీలో ఉన్నది తోడల్లుడొక్కడే.

"బయటి కంపెనీ వాడి చేతిలో మన ఆర్డర్లెందుకు మామయ్యగారూ? మన కంప్యూటర్లోనే పెట్టేస్తాను. తాళం మన దగ్గరే ఉంటుంది" అని గొప్పగా చెప్పి, గోడౌన్‌లో మంచాల వెనక పడున్న పాత కంప్యూటరు దుమ్ము దులిపాడు. అతనికి ఉన్న చదువల్లా ఒక వీడియో. దాన్నీ సగం దాటేస్తూ చూశాడు.

ముందు తనను తాను అడ్మిన్ చేసుకున్నాడు. అంటే ఎవరినైనా చేర్చవచ్చు, ఎవరినైనా పీకేయవచ్చు. తోడల్లుడికి మాత్రం కళ్ళతో చూడడమే తప్ప వేలు పెట్టడానికి వీల్లేని అకౌంట్ ఇచ్చి, తన తెలివికి తానే మురిసిపోయాడు.

పెద్దల్లుడికి కంప్యూటరంటే బొత్తిగా తెలియదు. మర్యాద తగ్గితే మాత్రం ఇట్టే తెలుస్తుంది.

"ఏం తమ్ముడూ, నన్ను దూరం నుంచి చూసి పొమ్మంటున్నావా?"

"అబ్బే, భద్రత కోసం అన్నయ్యా!"

"ఎవరి నుంచి? నా నుంచా?"

క్షణాల్లో సంగతి అక్కాచెల్లెళ్ళ ఫోన్లకెక్కింది. అక్క ఏడ్చింది, చెల్లెలు అరిచింది, అత్తగారు ఆటో దిగింది.

"అల్లుళ్ళిద్దరికీ ఒకటే మర్యాద బాబూ. పెద్దల్లుడిగారిక్కూడా అదే ఇచ్చేయండి. ఆ చేత్తోనే నాకూ ఒకటి పడేయండి. నేనేం పాపం చేశాను?"

అత్తగారి మాట కాదంటే కుర్చీ గల్లంతే. పళ్ళు నూరుకుంటూ వాళ్ళిద్దరినీ కూడా అడ్మిన్లను చేశాడు.

అధికారం కొత్తగా చేతికొచ్చిన మనిషి ఏం చేస్తాడో పెద్దల్లుడూ అదే చేశాడు. పక్కవాడి పేరు మీద నొక్కాడు.

"ఈ ఎర్ర బటనేంటో చూద్దామనుకున్నా తమ్ముడూ. నీ పేరు ఎగిరిపోయింది."

చిన్నల్లుడికి ఒళ్ళు మండిపోయింది. తోడల్లుడి ఫోన్ లాక్కున్నాడు. తన పేరు తిరిగి చేర్చుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ కోపం ముందు బుద్ధి ఎప్పుడు నిలబడింది గనక? ముందు తోడల్లుడి పేరు పీకేశాడు. ఆ పీకింది తోడల్లుడి అకౌంట్లోంచేనని, తెర మీద "లోపలికి రావడానికి మీకు అనుమతి లేదు" అని పడ్డాక గానీ వెలగలేదు. ఇలాంటప్పుడు ఏం చేయాలో వీడియోలో చెప్పే ఉంటారు. అది అతను దాటేసిన సగంలో ఉంది.

"అత్తయ్యగారూ, మీ ఫోనొక్కసారి ఇలా ఇవ్వండి!"

"వాడికివ్వకండి, నాకివ్వండి!"

అత్తగారు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అంటే, ఇప్పుడు లోపల ఉన్నది నేనొక్కదాన్నేనా?" అని ఫోన్ సంచిలో వేసి జిప్పు లాగేసింది.

అప్పుడే మామగారు వచ్చారు. "మేనేజరు సంగతి ఏమైంది?"

"తేలిపోయిందండీ. నేనే!" అంది అత్తగారు.

మామగారు అల్లుళ్ళ మొహాలు చూశారు, భార్య మొహం చూశారు. "ఇంట్లో జరుగుతున్నదేగా, ఇక్కడా కానివ్వు" అన్నారు. చిన్నల్లుడికి నిజంగానే ఏడుపొచ్చింది.

కొత్త మేనేజరుగారి మొదటి ఆజ్ఞ మేరకు అల్లుళ్ళిద్దరూ ఒక బీరువాను చెరో పక్కా పట్టుకుని మూడో అంతస్తుకు మోశారు. పెళ్ళిళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒకే వైపుకు నడవడం అదే మొదటిసారి.