పెద్దన్నయ్య మీద బరువెక్కువైంది

ఆ రోజు పొద్దున చంటి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పాట ముగించాలి, ఓ కునుకు తీయాలి, సాయంత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సంగీతం టీచరుగారి ఎనభయ్యో పుట్టినరోజు సభకు వెళ్ళాలి. నెత్తిమీద జుట్టంతా సెలవు పుచ్చుకున్నా ఆయన ఇంకా చంటే. నలుగురిలో ఆఖరివాడు కావడంతో ఆ పేరు వదల్లేదు. వృత్తి సౌండు ఇంజనీరు. ఇంట్లోనే ఓ గదిని స్టూడియో చేసుకున్నాడు.

ఆ పాట మామూలు పాట కాదు. టీచరుగారు స్వయంగా కట్టి, ఒకప్పుడు రోజూ బడి మొదలయ్యేముందు పిల్లలందరి చేతా పాడించిన పాట. చంటి, అన్నయ్యలిద్దరు, అక్క, అందరూ ఆవిడ శిష్యులే. ఇప్పుడా బడీ లేదు, ఆ బృందమూ లేదు. ఉన్నదల్లా టీచరుగారి మనవరాలి గొంతు ఒక్కటి. దాన్నే వందమంది పిల్లల గొంతులుగా పెంచి, పాత హాలు ప్రతిధ్వని తొడగాలి. కళ్ళు మూసుకుని వింటే టీచరుగారికి మళ్ళీ ఆ వరండాలో నిలబడినట్టుండాలి.

అంత పని కంప్యూటరు ఒంటరిగా చేయలేదు. అందుకని చంటి అందులో మూడు డీఎస్పీ కార్డులు బిగించాడు. డీఎస్పీ అంటే పోలీసాయన కాదు; శబ్దానికి చేయవలసిన చాకిరీ అంతా నెత్తిన వేసుకునే చిన్న పలక. ఒక్కోదానికి ఒక్కో హద్దు. అది దాటితే పాట ఠక్కున ఆగిపోతుంది. ఈమధ్యనే ఆ మూడింటికీ పేర్లు రాసి అంటించాడు. అందరికన్నా ఎక్కువ మోసి, ఊరికే వేడెక్కేది పెద్దన్నయ్య. కాదనలేక అన్నీ ఒప్పుకుని, చివరికి నీరసపడేది నడిపన్నయ్య. కాస్త వేసినా కీచుమనేది అక్క. ఈ నామకరణం సంగతి, పాటకు వాద్యాలు కూర్చిన కీబోర్డు స్నేహితుడికి తప్ప ఎవరికీ తెలియదు.

గది వేడెక్కిపోవడంతో చంటి తలుపు వారగా తెరిచి, ఆ స్నేహితుడికి ఫోన్ చేశాడు. సరిగ్గా అప్పుడే ఆయన భార్య కూరగాయల సంచీతో లోపలికి వచ్చింది.

"పెద్దన్నయ్య పని అయిపోయిందిరా. తొంభై దాటింది. ఇంకొక్కటి మీద పడితే పడిపోతాడు" అంటున్నాడు చంటి. "నడిపన్నయ్యా? ఆయన ఆయాసం ఆయనది. అక్క సంగతి అడక్కు, ముట్టుకుంటే కాలిపోతోంది. మరీ కుదరకపోతే అక్కని పీకి అవతల పడేస్తా."

ఆవిడ చేతిలో సంచీ జారిపోయింది. టమాటాలు తలో దిక్కుకూ దొర్లాయి. తలుపు సందులోంచి చూస్తే, ఆయన అప్పటికే ఫోన్ పక్కన పెట్టేసి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తల రెండు చేతుల్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ప్రతిధ్వని ఎక్కడ తెగుతోందో వింటున్నాడాయన. అయినవాళ్ళ మీద ఇంత బెంగ పెట్టుకుని ఒక్కడూ కుమిలిపోతున్నాడనుకుంది ఆవిడ. కదపబుద్ధి కాలేదు. ఫోన్ తీసి పెద్ద తోటికోడలికి కలిపింది.

"అక్కా, బావగారికి ఎలా ఉంది?"

"ఎలా ఉండడమేంటి? నడకకి వెళ్ళారు."

"తొంభై దాటిందటగా!"

"ఏంటి దాటింది?"

"అది చెప్పలేదక్కా. దాటిందని మాత్రం అన్నారు."

పెద్దన్నయ్య నడక ముగించుకుని వచ్చేసరికి ఇంటినిండా ఇరుగుపొరుగు. ఒకాయన నాడి పట్టుకున్నాడు, ఒకావిడ విసనకర్ర అందుకుంది. "నాకేమైంది?" అన్నాడాయన. "మీకు తెలీదండీ, చంటికే తెలుసు" అంటూ భార్య ఏడుపు లంకించుకుంది. "నాకు తెలీని నా జబ్బు వాడికెలా తెలిసింది? వాడికే ఏదో అయ్యుంటుంది. పద" అని ఆయన తొడుక్కున్న చెప్పులు విప్పకుండానే బయల్దేరాడు.

నడిపన్నయ్యకు ఏ మాటా కాదనే అలవాటు లేదు. "ఆయాసంగా ఉందటగా మీకు?" అని భార్య అడిగితే, "నువ్వడుగుతుంటే ఉన్నట్టే ఉంది" అని కారు వెనక సీట్లో బుద్ధిగా పడుకున్నాడు.

అక్క దగ్గర మాత్రం పప్పులుడకలేదు. "వదినా, మీకు జ్వరమని మీ తమ్ముడు... పీకి అవతల..." అని చంటి భార్య ఫోన్లో అనేసి నాలుక కరుచుకునేలోపే జరగాల్సింది జరిగిపోయింది. కొన్నేళ్ళ కిందట ఒక పెళ్ళిలో, ఎవరో చిన్నపిల్ల చెప్పు సర్దడానికి అక్క వంగినప్పుడు, పెద్దన్నయ్య ఫొటోగ్రాఫరుతో "కానీవయ్యా" అన్నాడు. ఆ కుటుంబం ఫొటోలో అక్క లేదు. ఆనాటినుంచీ అన్నకూ చెల్లెలికీ మాటల్లేవు. "ఫొటోలోంచి వాడు తీసేశాడు, ఇప్పుడు వీడు పీకేస్తాడా? చూస్తాను!" అని ఆవిడ ఆటో ఎక్కింది.

పెద్దన్నయ్యా అక్కా గేటు దగ్గర ఎదురుపడ్డారు.

"నీకు జ్వరమటగా?" అన్నాడాయన.

"నువ్వు పోతున్నావన్నారు."

"ఇంకా లేదు."

ఇన్నేళ్ళ తర్వాత అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకున్న మాటలివి.

అందరూ ఒక్కుమ్మడిగా గదిలోకి దూసుకొచ్చిన క్షణానే పాట ఆగిపోయింది. చంటి విసుగ్గా వెనక్కి తిరిగి, వాళ్ళను చూసి నోరు తెరిచాడు. "అరె, ముగ్గురూ వచ్చేశారే! ఇప్పుడే ముగ్గుర్నీ ఆపేసి మళ్ళీ లేపుదామనుకుంటున్నా!"

పెద్దవదిన కుర్చీలో కూలబడింది.

సంగతి విప్పి చెప్పడానికి పెట్టె మూత కూడా విప్పవలసి వచ్చింది. పేర్లు చూసి అందరూ నవ్వుతారనుకున్నాడు. కానీ అక్క కళ్ళద్దాలు సవరించుకుంది.

"నా మీద ఎంత వేశావు?"

"సగమే అక్కా. నువ్వు..."

"సగమేనా? నేను మొయ్యలేననా?"

"మరి నూటికి తొంభై వంతులు నా నెత్తినా?" అన్నాడు పెద్దన్నయ్య. "చిన్నప్పట్నుంచీ ఇంతేగా!"

"నామీద ఇంకాస్త వేసినా నేనేమీ అనుకోను" అన్నాడు నడిపన్నయ్య, తలుపుకు జారబడి.

"అదే తంటా!" చంటి తల పట్టుకున్నాడు. "ముగ్గురి దగ్గరా తలో కాస్త చోటుంది. కానీ ఆ పెద్ద ప్రతిధ్వని ఎవరో ఒకరి మీదే మొత్తంగా పట్టాలి. సగం నీమీద, సగం ఆయనమీద అంటే కుదరదు. సాయంత్రానికి పాట ఇవ్వలేను. టీచరుగారి ముందుకి ఏ మొహంతో వెళ్ళను?"

ఆ హడావుడిలో ఎవరి మోచెయ్యో తగిలి పాట మళ్ళీ మొదలైంది, ఎవరి కాలికో తగిలి హెడ్‌ఫోన్స్ తీగ ఊడింది. కార్డుల ప్రమేయం లేకుండా, మనవరాలి గొంతు స్పీకర్లలోంచి పలచగా వినిపించింది. రెండో పాదం దగ్గర అక్క పెదవులు కదిలాయి. కింది స్థాయిలో పెద్దన్నయ్య అందుకున్నాడు. బడిలో వాళ్ళిద్దరూ నిలబడింది పక్కపక్కనే. టీచరుగారు సుద్దముక్కతో బల్లమీద తాళం వేస్తుంటే, పక్కవాడి గొంతు వినబడేంత మెల్లగా పాడమనేవారు. ఆ మాట ఎవరికీ గుర్తు చేయవలసిన పని లేకపోయింది.

చంటి మైకు పట్టుకుని మెట్ల వైపు పరిగెత్తాడు. కార్డులు లేని రోజుల్లో ప్రతిధ్వని కావాలంటే ఆయన గురువు గాయకుల్ని మేడమెట్ల సందులో నిలబెట్టేవాడు. అన్నయ్యలూ అక్కా, వదినలూ, చివరికి ఏం జరిగిందో చూద్దామని వచ్చిన పక్కింటివాళ్ళూ మెట్టుకొకరు నిలబడ్డారు. ముసలి గొంతులే. కొన్నిచోట్ల బొంగురు, కొన్నిచోట్ల వణుకు. అయినా ఆ మెట్ల సందులో అవన్నీ కలిసి పైకప్పుదాకా లేచేసరికి, చంటికి శబ్దం కొలిచే మీటర్లు కనిపించకుండా కళ్ళు మసకబారాయి.

సాయంత్రం సభలో టీచరుగారు కళ్ళు మూసుకుని విన్నారు. వేలు కుర్చీ చేతిమీద తాళం వేస్తూనే ఉంది. పాటయ్యాక కళ్ళు తెరిచారు.

"మూడో చరణంలో ముందే ఎత్తుకున్నది నడిపివాడేగా? ఇంకా మారలేదురా నువ్వు" అన్నారు.

నడిపన్నయ్య తల వంచుకున్నాడు. బడిలో కూడా అలాగే వంచుకునేవాడు. పెద్దన్నయ్య జేబురుమాలు తీసి అక్కకు అందించాడు. ఆవిడ కళ్ళద్దాలు తీసి, దాన్ని అందుకుంది.

పాట ఆ సాయంత్రమే చంటి ఇల్లు దాటింది. చుట్టాలు మాత్రం వారమైనా దాటలేదు.