పెదవి కదపని పరీక్ష

పని వచ్చినవాళ్ళకి పరీక్ష పెట్టడాన్ని మించిన లోకోపకారం లేదు. పని రానివాళ్ళకి పెడితే ఏముంది, ఎలాగూ తప్పుతారు. పదకొండేళ్ళుగా ఆ పనే చేస్తున్నవాళ్ళకి పెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది పరీక్ష మాహాత్మ్యం. నమ్మరా? అయితే ఒక ఆసుపత్రిలో జరిగిన సంగతి వినండి.

అక్కడ సర్వర్లు చూసే ఆవిడని డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరూ 'వదిన' అనే పిలుస్తారు. రోగుల రిపోర్టులు, మందుల చీటీలు, ఆపరేషన్ల వేళలు అన్నీ ఆవిడ చేతికింది ఆరు లైనక్స్ మెషిన్లలోనే ఉంటాయి. పదకొండేళ్ళలో ఒక్కటీ మొరాయించలేదు. అందుకే వదిన ఏం పని చేస్తుందో ఎవరికీ తెలియదు. ఆగితే కదా, నడిపేవాళ్ళొకరు ఉన్నారని గుర్తొచ్చేది!

కొత్త మేనేజరు వచ్చిన వారానికే నోటీసు పెట్టాడు. లైనక్స్ అడ్మినిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళే సర్వర్ రూములో ఉండాలట. మూడు నెలల్లో తెచ్చుకోకపోతే వదిన రిసెప్షన్‌లో కూర్చోవాలి.

వదిన బెదరలేదు. పరీక్షలో ఒక పాడైన మెషిన్ ఇస్తారు. రెండున్నర గంటల్లో దాన్ని బాగుచేసి, చెప్పిన పనులన్నీ దానిమీద చేసి చూపించాలి. రోజూ చేసేదే కదా? పైగా ఇంట్లోనే కూర్చుని రాయొచ్చు. కెమెరాలోంచి ఒకాయన కాపలా కాస్తాడు, అంతే.

చిక్కంతా అక్కడే వచ్చింది. వదినకి ఒక అలవాటుంది. ఎంటర్ నొక్కేముందు కొట్టిన లైను అక్షరం అక్షరం పైకి చదువుకుంటుంది. పదకొండేళ్ళూ ఏ మెషినూ ఆగకపోవడానికి అసలు కారణం అదే.

పరీక్ష మొదలైన రెండో నిమిషంలో కాపలా ఆయన మెసేజ్ పెట్టాడు: "పెదవులు కదపకండి. ఎవరికో చెబుతున్నారని అనుమానం వస్తుంది."

వదిన కదపలేదు. మాటలన్నీ మింగేసింది. మెషిన్ లేచేటప్పుడు చూసుకునే ఫైల్లో ఒక్క అక్షరం తప్పు పడింది. కంటికి ఆనలేదు, నోటికైతే తగిలేది. మార్కులు వేసేముందు మెషిన్ని ఆపి మళ్ళీ ఆన్ చేస్తారు. అది లేవలేదు. లేవని మెషిన్‌కి మార్కులెక్కడివి? సున్నా.

ఆ సాయంత్రం వదిన గోడవైపు తిరిగి పడుకుంది. అత్తగారు వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆవిడ బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి.

"ఇంకా ఎన్నాళ్ళుంది?"

"నలభై రోజులు అత్తయ్యా."

"లే అయితే. పని నీకొచ్చు. నోరు మూసుకోవడం నేను నేర్పుతా."

ఏ అత్తగారైనా ఏ కోడలికైనా ఈ విద్య ఇంత ప్రేమగా నేర్పి ఉంటుందా?

మర్నాటి నుంచి వదిన ఆసుపత్రి నుంచి రాగానే, అత్తగారు గుక్కెడు నీళ్ళు నోట్లో పట్టించి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టేది. తను ఎదురుగా స్టూలు వేసుకుని పెదాలే చూస్తూ ఉండేది. మొదటిరోజు కీబోర్డు తడిసింది. నాలుగోరోజు వదిన నవ్వాపుకోలేక అత్తగారి మొహమే తడిపేసింది. ఆవిడ తుడుచుకుని, ఏమీ అనకుండా మళ్ళీ గ్లాసు అందించింది. మూడోవారానికి వదిన వేలితో చదవడం నేర్చుకుంది, తెరమీద ఒక్కో అక్షరాన్నీ తాకుతూ.

గడువులోపే మళ్ళీ పరీక్ష రాసింది. ఈసారి మెషిన్ లేచింది. మూడొందలకి రెండొందల ఎనభై ఆరు.

మేనేజరు వదినని గదికి పిలిచి మరీ చేయి కలిపాడు. "కంగ్రాట్స్ మేడమ్. ఇక ధైర్యంగా మన సర్వర్లు మీకు అప్పగించొచ్చు."

"పదకొండేళ్ళుగా అవి నా దగ్గరే ఉన్నాయి సర్."

"ఉండొచ్చు. కానీ మీకు పని వచ్చని నాకెలా తెలుస్తుంది చెప్పండి?"

వదిన చెప్పలేదు. ఊరుకోవడం అప్పటికి బాగా వంటబట్టింది.

ఇంట్లో అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని సర్టిఫికెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. అడుగున మూడేళ్ళ గడువు వేసి ఉంది.

"ఇది చూసి నమ్మాడా మీ మేనేజరు?"

"ఇది చూసే నమ్మాడు అత్తయ్యా."

"ముప్పై ఏళ్ళు టికెట్లు చూశానే నేను. టికెట్ ఉంది కదా అని ఏనాడూ ఎవరినీ డ్రైవరు సీట్లో కూర్చోబెట్టలేదు."