ముఫ్లిహ్ కిడ్నీల కోసం మంత్రిగారి రాయబారం

ఇకమీదట రాజధాని పెద్దాసుపత్రిలో మూలకణాల మార్పిడి చేయించుకున్న ఏ పౌరుడికీ ఎలాంటి చిక్కులూ రావని ఆరోగ్యమంత్రి డాక్టర్ నవ్వాఫ్ గారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఇంత ఘనకార్యం ఎలా సాధించారండీ అని ఒకాయన అడిగితే, "సర్క్యులర్ ద్వారా" అని వినయంగా తల వంచారు. ప్రపంచంలోని డాక్టర్లంతా ఏళ్ళ తరబడి తలలు బద్దలుకొట్టుకుంటున్న సమస్యని అరపేజీలో తేల్చేసిన ఆ బుర్రకి హాలు హాలంతా చప్పట్లు కొట్టింది.

ఐన్ రుమ్మాన్ ఊళ్ళో జాగ్రఫీ మాస్టారు ముఫ్లిహ్ ఆ వార్తని టీవీలో చూశాడు, కళ్ళు తెరుచుకున్నంత మేరకు. మొహం ఉబ్బిపోయి ఉంది. కాళ్ళు పొంగి ఉన్నాయి. పోయిన ఏడాది రక్తకాన్సర్ వస్తే అక్క రస్మియా మూలకణాలిచ్చి బతికించింది. కాన్సర్ పోయింది. అయితే అక్క కణాలు తమ్ముడి ఒంటితో తగువు పెట్టుకోకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. ఇప్పుడా మాత్రే కిడ్నీలని తినేస్తోంది.

"నా కణాలకి వంక పెట్టకు," అంది రస్మియా. "నేను తగువులమారినే, ఊరంతటికీ తెలుసు. కానీ ఒకళ్ళ కిడ్నీల జోలికి ఏనాడూ పోలేదు."

"నిన్నేం అనలేదక్కా. మాత్రనన్నాను."

కిడ్నీ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. మాత్ర మోతాదు వెంటనే తగ్గించాలి, లేకపోతే కిడ్నీల మీద ఆశ వదులుకోవడమే. కానీ ఆ మాత్ర మీద పెత్తనమంతా మార్పిడి వార్డుది. సొంతంగా మానేశాడా, రస్మియా కణాలు ఊరుకునే రకం కాదు.

మార్పిడి వార్డు డాక్టరు ముఫ్లిహ్‌ని చూడగానే లేచొచ్చి కౌగిలించుకున్నాడు. "రండి రండి, మా విజయం నడిచొచ్చింది!"

"మాత్ర తగ్గించాలటండీ. కిడ్నీలు పోతున్నాయి."

డాక్టరు గబగబా వెళ్ళి తలుపేసి వచ్చాడు. "కిడ్నీలు పక్క బిల్డింగువి మాస్టారూ. మాకు సంబంధం లేదు. మీ రక్తం చూడండి, బంగారం!"

"మాత్ర మీదేగా?"

"మాదే. తగ్గించామంటే చిక్కొచ్చినట్టు. చిక్కు రాదని సర్క్యులర్ వచ్చేసింది. ఇప్పుడు మీకొచ్చిందంటే ప్రభుత్వాన్ని ధిక్కరించింది మీ కిడ్నీలా, నేనా? మీరే చెప్పండి."

ముఫ్లిహ్ ఇంతా చేసి బతికి బయటపడ్డది ఇందుకా అని ఇంటికొచ్చి ఏడ్చాడు. మర్నాడు పొద్దున్నే, జనం గోడు వినిపించే రేడియో కార్యక్రమానికి ఫోన్ చేశాడు. ఊరంతా ఫలాఫెల్ తింటూ వినే వేళ అది. "నాకు చిక్కొచ్చిందండీ," అన్నాడు. యాంకరు ఉలిక్కిపడి దేశభక్తి గీతం వేసేశాడు. అయినా వినాల్సినవాళ్ళు వినేశారు.

ఇంకో ప్రభుత్వమైతే జీపు పంపేది. మన నవ్వాఫ్ గారిది పెద్ద మనసు, జాహా పంపారు. పిల్లనడగడానికీ, హత్య జరిగితే రాజీ కుదర్చడానికీ పెద్దమనుషులు దండుగా కదిలివెళ్ళే రాయబారమే జాహా. కిడ్నీల కోసం జాహా కదలడం లోకంలో ఇదే మొదలని మంత్రిగారి పీఏ ఊరంతా టముకు వేశాడు.

శుక్రవారం నమాజు కాగానే ముఫ్లిహ్ ఇంటి ముందు షామియానా లేచింది. బస్సు నిండా జరీ అంచు అంగీల పెద్దమనుషులు దిగారు. అందరి ముందూ మంత్రిగారు. చిన్న కప్పుల్లో చేదు కాఫీ పోశారు. మంత్రిగారు కప్పు అందుకుని, తాగకుండా ఎదురుగా పెట్టేశారు. ఆయన వెనక అందరూ పెట్టేశారు. అడిగింది ఇచ్చేదాకా ఎవరూ ముట్టరు. తాగకుండా లేచిపోతే ఆ ఇంటి పరువు గంగలో కలిసినట్టే.

"సుహైల్ నాన్నా!" అంటూ, ముఫ్లిహ్‌ని కొడుకు పేరుతో గౌరవంగా పిలుస్తూ మంత్రిగారు లేచారు. "దాతల ఇంటికి వచ్చాం. నీ రోగం మార్పిడి వల్ల వచ్చిందన్న మాటని వెనక్కి తీసుకో. మీ తాతగారి నుంచి వచ్చిందని చెప్పు. కాఫీ ముట్టుకుంటాం."

"మా తాత కంచరగాడిద మీంచి పడి పోయాడండీ."

"పడేముందు కిడ్నీలు పరీక్ష చేయించారా?"

వంటింటి కిటికీలోంచి రస్మియా గొంతు ఖంగుమంది. "కాఫీ చల్లారిపోతోంది! మాత్ర తగ్గిస్తారో లేదో ముందది తేల్చమనరా!"

పీఏ మంత్రిగారి చెవిలో ఏదో ఊదాడు. మంత్రిగారి మొహం వెలిగిపోయింది. "తప్పకుండా తగ్గిస్తాం చెల్లెమ్మా! చిక్కొచ్చి కాదు. విజయోత్సవం సందర్భంగా, ప్రత్యేక రాయితీ!"

షామియానా దద్దరిల్లింది. ముఫ్లిహ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కిడ్నీలు దక్కుతున్నాయి, పోయినవాడు తాతే కదా, ఆయనేం అనుకోడు. "తప్పు మా తాతదే. తాగండయ్యా మీ కాఫీ," అన్నాడు.

అందరూ ఒక్కసారిగా తాగారు. మంత్రిగారు ఇక చాలన్నట్టు కప్పు ఊపి ఇచ్చేసి, ముఫ్లిహ్ భుజం మీద చెయ్యేశారు. "నువ్వూ మాతో రా. నీలాంటివాడుంటే జాహాకి నిండుదనం."

"ఎక్కడికండీ?"

"దగ్గరే. కింది వీధికి."

రెండు చేతులా కమ్మీ పట్టుకుని ముఫ్లిహ్ ఎలాగో బస్సెక్కాడు. తెగ నాయకుడల్లే కూర్చున్న ఒకాయన పక్కకి జరిగాడు.

"కూర్చో అన్నా. నీకు మార్పిడి ఎప్పుడైంది?"

"పోయిన ఏడాది. మీకూ..."

"నాకంతకు ముందే. మా ఇంట్లో నిన్న తాగారు కాఫీ. మా నానమ్మ మీద వేశారు."

"మాది మేనమామ," అన్నాడు ముందు సీటాయన, తల తిప్పకుండానే.

ముఫ్లిహ్ బస్సంతా కలయజూశాడు. "మరి మాత్ర తగ్గించారా?"

"తగ్గిస్తారట. ఇళ్ళన్నీ పూర్తయ్యాక, పెద్ద సభ పెట్టి అందరికీ ఒకేసారి."

"ఎప్పటికి పూర్తవుతాయి?"

"వార్డు బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నా," అన్నాడాయన, సీటు కింద నుంచి ఒక జరీ అంగీ తీసి ముఫ్లిహ్ ఒళ్ళో పెడుతూ. "వారం వారం కొత్త విజయాలు వస్తూనే ఉన్నాయి."