సగం ముఖాల కుటుంబం

కాస్మెటిక్ సైన్స్ శాఖ పెద్దల్లారా, ఇది మీ నిర్వాకమే! ఒక మర్యాదస్తుడు పట్టపగలు ఆఫీసులోంచి స్ట్రెచర్ మీద వెళ్ళాడన్నా, ఒక వీధి వీధంతా కుళాయిలు కట్టేశారన్నా, దానికి కారణం ఆ పిల్ల కాదు, మీరు. ఎమ్మెస్సీ కోర్సు పెట్టడం తెలుసు, గుమ్మం మీద ఇంతేసి అక్షరాలతో బోర్డు రాయించడం తెలుసు. పిల్లలు తయారుచేసిన క్రీము రాసి చూడ్డానికి నాలుగు ముఖాలు ఇప్పించమంటే మాత్రం "మీ ఇంట్లో వాళ్ళు లేరా?" అంటారు. ఉన్నారు. ఉండబట్టే ఇంత రభస.

ఆ పిల్లను ఇంట్లో అందరూ 'లేపనం' అనే పిలుస్తారు. ఎమ్మెస్సీ ఆఖరి ఏడు. ప్రాజెక్టు, ముడతలు బిగించే జెల్. చెంపకు రాస్తే ఆరిపోయి, కంటికి కనపడని పొరలా చర్మాన్ని లాగి పట్టుకుంటుంది. ఈ రభస జరిగిన రోజు సాయంత్రం వేరే యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్ మేడమ్ వస్తుంది. జెల్ సగం ముఖానికే రాయాలి. ఏ సగమో ఆవిడ చూపుతోనే కనిపెట్టాలి. కనిపెడితే పాసు. ఈలోగా ఎవరైనా నోరు జారి చెప్పేస్తే పరీక్ష రద్దు. ఇంకో ఏడాది అదే ల్యాబు, అదే గైడు.

ముందురోజు ఆ జెల్ స్టవ్ మీద ఉడుకుతుండగా గైడుగారు కేకేశారు. "అమ్మాయ్, మా ఆవిడకి షాంపూ అయిపోయిందట. ఒక సీసాడు కలిపిపెట్టు!" లేపనం షాంపూ కలిపి వచ్చేసరికి బీకరులో నీళ్ళు సగానికి సగం ఆవిరైపోయాయి. పోయినన్ని నీళ్ళు మళ్ళీ పోసి కలపాలి, అది మొదటి ఏడాదిలోనే చెప్పే పాఠం. పోయబోతుంటే "వాసన చాల్లేదమ్మాయ్!" అని మళ్ళీ కేక. పరుగెత్తింది. నీళ్ళ సంగతి మర్చిపోయింది. తయారైంది జెల్ కాదు, సిమెంటు.

పరీక్ష రోజు పొద్దున్నే నాన్నను, అమ్మను, బాబాయిని, నాయనమ్మను వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టింది.

"ఎడమ నుదురు, ఎడమ చెంప, ఎడమ మూతి. కుడిపక్క ముట్టుకోను. సాయంత్రం దాకా ముఖం కడగొద్దు. ఏ పక్క రాశానో ఎవరడిగినా చెప్పొద్దు. అసలు జెల్ అన్న మాటే ఎత్తొద్దు. ఎత్తారో, నా చదువు మట్టిగొట్టుకుపోయినట్టే!"

"ప్రాణం పోయినా మాట బయటికి రాదే తల్లీ," అన్నాడు నాన్న. ఆ మాట పూర్తయ్యేలోపే ఎడమ మూతి బిగుసుకుపోయింది.

నాయనమ్మ అద్దం చూసుకుని మురిసిపోయింది. "ఒసే, ఈ పక్క నా పెళ్ళినాటి ముఖమే! ఆ పక్క కూడా రాయవే."

"అది పోల్చుకోడానికి నాయనమ్మా."

"పోలికలు నేను చూసుకుంటాలే, నువ్వు రాయి!"

అక్కడ ఆఫీసులో మేనేజరు రోజూ చెప్పే జోకే చెప్పాడు. రోజూలాగే అందరూ నవ్వారు. సూపరింటెండెంటైన నాన్న కూడా పద్ధతిగా నవ్వాడు, కుడిపక్క. ఎడమపక్క మేనేజరును గుడ్లురిమి చూస్తోంది.

"ఏమయ్యా, నా జోకుకి సగం నవ్వేనా?"

"సార్, ఆయన మూతి చూడండి!" అని టైపిస్టు కెవ్వుమంది. "పక్షవాతం!"

"ఏమైందయ్యా నీకు?"

"చెప్పకూడదు," అన్నాడు నాన్న వంకర మూతితో.

"అయ్యో, మతి కూడా పోయింది!"

అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు టార్చి వేసి చూశాడు. "ఏ పక్క తేడాగా ఉంది?"

"చెప్పకూడదు."

"చెప్పలేకపోతున్నారా?"

"చెప్పగలను. చెప్పకూడదు."

"సిస్టర్, పేషెంటుకి కుడి ఎడమలు తెలీట్లేదు."

అంతలో అమ్మ, బాబాయి, వాళ్ళ వెనకాల నాయనమ్మ ఆదరాబాదరా వచ్చిపడ్డారు. అమ్మ భోరుమంటోంది, కానీ కుడిపక్క మాత్రమే. బాబాయి ధైర్యం చెబుతున్నాడు, ఆ ధైర్యమూ సగమే. డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. "మీకూనా? ఎప్పట్నుంచి?"

"చెప్పకూడదు," అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

"ఇంటిల్లిపాదికీ ఒకే రోగం! నీళ్ళలో విషం కలిసింది!" అని డాక్టరు ఫోనందుకున్నాడు. వెంటనే ఆ వీధి కుళాయిలు కట్టేశారు. వీధివాళ్ళు అద్దాల ముందుకు పరిగెత్తారు. ఎదురింటాయన తన కనుబొమ్మల్లో ఒకటి కిందికుందని తొలిసారి కనిపెట్టి ఆటో ఎక్కాడు. పక్కింటావిడ తన చెంపల్లో ఒకటి లావుగా ఉందని మొగుణ్ణి తిట్టుకుంటూ అదే ఆటోలో ఇరుక్కుంది. వార్డులో మంచాలు చాల్లేదు.

కబురు కాలేజీకి చేరింది. లేపనం పరుగున వచ్చింది. వెనకాలే ఎగ్జామినర్ మేడమ్, ఆవిడ వెనకాల గైడు.

"విషమో, పక్షవాతమో తేలేలా లేదు. ముందు ఈయనకి రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేస్తున్నాం," అన్నాడు డాక్టరు. "పొరపాటున ఇస్తే మనిషికే ముప్పు. కానీ ఇంక ఆగలేం."

నాన్న కూతుర్ని చూశాడు. కుడికన్ను గీటాడు. "పొడవమను తల్లీ. నేను మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు."

గైడు లేపనం చెవిలో బుసకొట్టాడు. "నోరెత్తకు! రద్దయిపోతుంది. డిపార్టుమెంటు పరువేం కాను?"

లేపనం సూది వంక చూసింది, నాన్న వంక చూసింది. "ఆపండి!" అని అరిచింది. "రోగం లేదు, పాడూ లేదు! జెల్ రాశాను. ఎడమపక్క! అందరికీ ఎడమపక్కే!" తడి దూది లాక్కుని నాన్న చెంప తుడిచింది. మూతి దాని చోటికి అది వచ్చింది. నాన్న కళ్ళలో, రెండింటిలోనూ, నీళ్ళు తిరిగాయి.

"ఎంత పని చేశావే! నీ చదువు?"

"చదువు మళ్ళీ చదువుకుంటాను నాన్నా. నిన్ను మళ్ళీ తయారు చెయ్యలేను."

మేడమ్ కళ్ళజోడు సర్దుకుంది. "పక్క చెప్పేశావు కాబట్టి నేను చూడాల్సిన పరీక్ష రద్దే." లేపనం కుర్చీలో కూలబడింది. మేడమ్ డాక్టరు వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఈ అమ్మాయి నోరు విప్పకముందు తేడా ఏ పక్క అనుకున్నారు?"

"ఎడమ. అనుమానమేముంది? నలుగురికీ ఎడమే."

"నాకూ ఎడమే కనపడింది మేడమ్," అంది నర్సు.

"నా జోకుకి నవ్వనిది ఎడమేనండీ," అన్నాడు పరామర్శకొచ్చిన మేనేజరు, ఇంకా కోపంగానే.

"జెల్ సంగతే తెలియని వాళ్ళందరూ చూసి ఒకే పక్క చూపించారు. ఇంతకంటే కచ్చితమైన పరీక్ష నా సర్వీసులో చూడలేదు. పాస్! ఇంతలా బిగిసిందంటే నీళ్ళు ఆవిరైపోయాయన్నమాట. ఈసారి నీళ్ళు మాత్రం పోసి చావు తల్లీ, మనుషులు నవ్వాలి."

అందరూ ముఖాలు కడుక్కున్నారు. నాయనమ్మ మాత్రం దుప్పటి ముసుగు తన్ని, దగ్గరికొచ్చిన నర్సు చేతి మీద ఒక్కటిచ్చింది.

ఇక గైడుగారు గొంతు సవరించుకుని, "ఆస్పత్రిలో పరీక్ష చేయించాలన్న ఆలోచన నాదే మేడమ్," అన్నారు.

విన్నారుగా. అందుకే అడుగుతున్నాం, బతిమాలడం లేదు. రేపటి నుంచి ఏ పిల్లా ఇంట్లోవాళ్ళ ముఖాలు అరువు తేవడానికి వీల్లేదు. ల్యాబులో తయారైన ప్రతి క్రీమూ ముందు శాఖ పెద్దల ముఖాలకే రాయాలి. గైడుగారికి సగం కాదు, మొత్తం రాయాలి. నోటి చుట్టూ రెండు పూతలు వెయ్యాలి.