మొరాయించే గ్యారేజ్ తలుపుకు జేజేలు

రిమోట్ నొక్కగానే కిక్కురుమనకుండా పైకి లేచిపోయే గ్యారేజ్ తలుపు మీ ఇంట్లో ఉందా? అయితే మీ మీద నాకు జాలి. ఇంక మీ జీవితంలో ఏం మిగిలిందండీ?

నవ్వకండి! చాలా సీరియస్‌గా చెబుతున్నాను. ఏడాదిలో పది నెలలు ఎండ, పన్నెండు నెలలు ఉక్కపోత ఉండే ఊరు మాది. ఇక్కడ ఆరేసిన బట్టలు మళ్లీ తడుస్తాయి, ఉప్పు డబ్బాలో గడ్డకడుతుంది. అలాంటి చోట గ్యారేజ్ తలుపు మాత్రం చక్కగా పనిచేయాలనుకోవడం అత్యాశ. పనిచేయకపోవడంలోనే అసలు సుఖం ఉందని మూడేళ్ల అనుభవం మీద తెలుసుకున్నాను. ఆ జ్ఞానం నాతోనే పోకూడదని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందుగా వినయం సంగతి చూద్దాం. మా తలుపు లేస్తూ లేస్తూ నడుం ఎత్తున ఆగిపోయేది. ఇక దాన్ని బతిమాలినా లాభం ఉండదు, గుద్దినా లాభం ఉండదు. లోపలికి రావాలంటే ఎంతటివాడైనా వంగాల్సిందే. ఆఫీసులో నేను నమస్కారం పెడితే తల కూడా ఊపని మా మేనేజరు, ఓ ఆదివారం ఏదో ఫైలు కోసం మా ఇంటికొచ్చి, మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఆయాసపడుతూ సరిగ్గా నా కాళ్ల ముందు తేలాడు. ఏ ప్రమోషన్‌లో ఉందండీ ఆ ఆనందం?

తర్వాత చప్పుడు. తుప్పు పట్టిన రోలర్లు కదిలితే వచ్చే కూత మీరు వినే ఉంటారు. మాతోనే ఉంటున్న మా అత్తగారికి వినికిడి తక్కువ. కాలింగ్ బెల్ వినిపించదు, ఫోన్ వినిపించదు, డాక్టరిచ్చిన మిషన్ చెవికి పెట్టుకోరు. కానీ మా తలుపు కీచుమనగానే వంటింటి వైపు తిరిగి, “అల్లుడుగారొచ్చారే, కాఫీ పెట్టు!” అని కేకేసేవారు. ఏ చెవుల డాక్టరు సాధించగలడు ఆ ఘనత?

అన్నిటికన్నా పెద్ద వరం సాకు. మా తోడల్లుడు యాభయ్యో ఏట సంగీతం మొదలుపెట్టాడు. నెలకోసారి చుట్టాలందర్నీ కూర్చోబెట్టి తలుపులేసి మరీ పాడతాడు. మిగతావాళ్లు జ్వరాలని, పనులని తడుముకుంటూ అబద్ధాలు చెప్పి దొరికిపోయేవారు. నేను మాత్రం నిజమే చెప్పేవాణ్ణి. “ఏం చెప్పమంటావయ్యా, గ్యారేజ్ తలుపు బిగుసుకుపోయింది. కారు లోపలుంది, నేను బయట ఉన్నాను.” అంతే! పాపం, తిరిగి ఆయనే నన్ను ఓదార్చేవాడు.

ఇక మా తలుపుల మెకానిక్ గురించి చెప్పకపోతే కళ్లు పోతాయి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా చెమటతో తడిసి ముద్దయిన చొక్కాతో ఉంటాడు. మా సొంత తమ్ముడు ఏడాదికోసారి వస్తే ఈయన నెలకోసారి వచ్చేవాడు. వచ్చి, తలుపు చుట్టూ ఓసారి తిరిగి, నిట్టూర్చి ఒకే మాట అనేవాడు.

“తేమ సార్.”

స్ప్రింగు తుప్పు పట్టిందేం? తేమ సార్. చెక్క ఉబ్బిందేం? తేమ సార్. సెన్సార్ కంటికి మసక పట్టి, ఎదురుగా ఏమీ లేకపోయినా ఎవరో ఉన్నారని తలుపు ఆగిపోతోందేం? అదీ తేమే. నిన్న బిగించిన బోల్టు ఇవాళ ఊడి చేతికొచ్చిందేం? ఆయన కాసేపు ఆలోచించి, “గాల్లో తేమ మరీ ఎక్కువైంది సార్” అన్నాడు.

ఎంత గొప్ప మాట! ఎవరి తప్పూ లేదు, ఎవరి మీదా కోపం అక్కర్లేదు. నేనూ దాన్ని వాడుకలోకి తెచ్చేశాను. పత్రికకి రాసే ఈ కాలమ్ ఆలస్యమైతే సంపాదకుడికి తేమ అని చెప్పాను. బరువు పెరిగితే డాక్టరుకి తేమ అని చెప్పాను. పెళ్లిరోజు మర్చిపోయినప్పుడు మా ఆవిడకి కూడా చెప్పబోయాను గానీ, ఆవిడ మొహం చూసి నోట్లోనే మింగేశాను.

మెయింటెనెన్స్ అనే మూఢనమ్మకం ఒకటి లోకంలో ప్రచారంలో ఉంది. మెకానిక్ ఓ కాగితం రాసి గ్యారేజ్ గోడకి అంటించి వెళ్లాడు. నెలకోసారి రోలర్లు దొర్లే పట్టాలు పొడిగుడ్డతో తుడవాలట. మూడు నెలలకోసారి రోలర్లకీ, స్ప్రింగులకీ, మడతబందులకీ కందెన స్ప్రే కొట్టాలట. పట్టాలకి మాత్రం చుక్క నూనె కూడా తగలకూడదట. ఆఖరి ముక్క కింద రెండు గీతలు కూడా గీశాడు.

మరి మనమేం చేస్తాం? రోలర్ల జోలికి పోము, స్ప్రింగుల వైపు చూడము. వంటింట్లోంచి నూనె సీసా తెచ్చి పట్టాలకి మాత్రం ప్రేమగా తలంటు పోస్తాం! నేనూ పోశాను. రెండు వారాల్లో వీధిలో దుమ్మంతా దానికి అంటుకుని నల్లటి ముద్దయింది. ఆ ముద్దలో రోలర్లు, రెండు చీమల బారులు, మా పక్కింటి పిల్లి వెంట్రుకలు శాశ్వతంగా స్థిరపడ్డాయి. మెకానిక్ ఆ ముద్దని వేలితో తీసి చాలాసేపు చూశాడు. పట్టాలకి నూనె ఎవరు పోశారని అడిగాడు. ఆయన నా వైపు తిరిగే లోపు నేను లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చాను.

అసలు విషయానికి వస్తున్నాను. మా ఆవిడ నీళ్లు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తుంది. పన్నెండేళ్లుగా ఒకే బల్ల, ఒకే కిటికీ. ఈ మధ్య అక్కడ ఊరూరా తిరిగి నీళ్ల నమూనాలు తెచ్చే పోస్టు ఒకటి ఖాళీ అయింది. మా ఆవిడకి దాని మీద ప్రాణం. కానీ దానికి డ్రైవింగ్ లైసెన్సు ఉండి తీరాలి. అందుకని నెలల తరబడి శ్రద్ధగా కారు నేర్చుకుంది. టెస్టుకి సొంత కారు తీసుకెళ్లాలి. కారేమో గ్యారేజ్‌లో ఉంటుంది. గ్యారేజ్‌కి ఆ తలుపే ఉంది.

మొదటి టెస్టు రోజు పొద్దున్నే స్ప్రింగు తుప్పు పట్టి ఫట్‌మని తెగింది. తలుపు అంగుళం లేవలేదు. రెండో టెస్టు రోజు, తలుపు అడుగున ఉండే రబ్బరు పట్టీ ఎండకి కరిగి నేలకి అతుక్కుపోయింది. మోటార్ పైకి లాగింది, రబ్బరు కిందికి లాగింది, మధ్యలో తలుపు పక్కకి ఒరిగింది. రెండూ తేమా ఎండా కలిసి చేసిన పనులే. అందులో నా ప్రమేయం ఏమీ లేదు. స్ప్రే డబ్బా సీలు కూడా నేను తీయలేదన్న మాట నిజమే గానీ, అది వేరే విషయం.

రెండోసారి కూడా టెస్టు పోయాక మా ఆవిడ ఆ సాయంత్రమే గోడ మీది కాగితం చదివింది. ఆ సాయంత్రమే గోడ మీది కాగితం చదివింది. పట్టాల్లో ముద్దంతా గీకి, పొడిగుడ్డతో తుడిచింది. చెయ్యాల్సిన చోట స్ప్రే కొట్టింది. అడుగున కొత్త రబ్బరు వేయించింది. తలుపు మీదున్న పాత బోల్టులన్నీ ఒక్కొక్కటిగా బిగించింది. నెలలోగా మా తలుపు కిక్కురుమనకుండా లేవడం మొదలుపెట్టింది!

ఘోరం కాదూ? మా అత్తగారు నేనొచ్చింది తెలియక నన్ను కాఫీ లేకుండా గంటసేపు కూర్చోబెట్టారు. మా తోడల్లుడి పాటలు రెండు విడతలు విన్నాను. కష్టపడి సంపాదించుకున్న వరాలన్నీ ఒక స్ప్రే డబ్బాకి బలైపోయాయి.

మూడో టెస్టు గురువారం తొమ్మిదింటికి. ఈసారి కూడా పోతే శిక్షణ లైసెన్సు గడువు అయిపోతుంది, మళ్లీ మొదటినుంచీ రావాలి. ఆలోగా ఆ పోస్టు ఇంకెవరికో పోతుంది. ఆ పొద్దున ఏడింటికి మా ఆవిడ రిమోట్ నొక్కింది. మోటార్ గుర్రుమంది. తలుపు కదల్లేదు.

నేను పక్కనే నిలబడి, “చూశావా, గాల్లో తేమ” అన్నాను. మీరైనా అదే అనేవారు!

మా ఆవిడ మెకానిక్‌కి ఫోన్ చేసింది. ఏడున్నరకల్లా ఆయన వచ్చి, ఇంట్లోంచి ఉన్న దారిలో గ్యారేజ్‌లోకి దిగాడు. తలుపు చుట్టూ తిరిగాడు. స్ప్రింగులు చూశాడు, రోలర్లు తిప్పి చూశాడు, పట్టాల మీద వేలు పెట్టి గీసి చూశాడు. వేలికి ఏమీ అంటలేదు. ఇక నిట్టూర్చి ఆ మాట అంటాడని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన అనలేదు. కారుకి అటుపక్క, నా పాత పత్రికల కట్టల వెనకాల, నేల మీద మోకాళ్లూని చేతిని లోపలికి పోనిచ్చాడు. అక్కడ చిన్న ఇనప గడియ ఒకటుంది. మేం ఊరెళ్లినప్పుడు మాత్రమే వేస్తాం. టక్‌మని చప్పుడైంది.

లేచి, చేతులు దులుపుకుని, నా వంక చూసి, “తేమకి గడియ వేయడం రాదు సార్” అన్నాడు.

మూడేళ్లలో మొదటిసారి ఆయన తేమని నిర్దోషిగా వదిలేశాడు.

“నేను ఆరింటికే చూశాను” అంది మా ఆవిడ తాపీగా. “నేను చెబితే, నీకేం తెలుసంటారు. ఆయన చెబితే తలూపుతారని పిలిపించాను.”

ముందురోజు సాయంత్రం పాత పత్రికలు సర్దే నెపంతో గ్యారేజ్‌లోకి వెళ్లింది నేనే. గడియ వేసింది నేనే. ఇప్పుడు దాచి లాభం లేదు. ఎందుకు వేశానని మా ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, కారుకి గీతలు పడతాయని భయమేసిందని చెప్పేవాణ్ణి. నీకేమన్నా అయితే అని కూడా కలిపేవాణ్ణి. ఆ రెండూ అప్పటికే గొంతులో సిద్ధంగా ఉన్నాయి.

శిక్షణ లైసెన్సు మీద నడిపేవాళ్ల పక్కన లైసెన్సున్నవాడు కూర్చోవాలని రూలు. కాబట్టి నేరస్థుణ్ణి కూడా వెంట తీసుకెళ్లక తప్పలేదు. ఆవిడ సీటు ముందుకు జరుపుకుని, అద్దం తన ఎత్తుకి దించుకుని, ఒక్క ఊపులో కారు వెనక్కి తీసింది. నేనైతే ఆ గుమ్మం దాటడానికి మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడిస్తాను. ఎడమవైపు గోడకి నా కారు రంగు జానెడు మేర అంటుకునే ఉంది. ఆవిడ ఆ గోడ పక్కనుంచి తగలకుండా వెళ్లిపోయింది. అప్పుడు తెలిసింది పాఠక మహాశయులారా, నేను ఇన్నాళ్లూ భయపడుతున్నది కారుకి గీత పడుతుందని కాదు, పడదేమోనని!

టెస్టు పాసైంది. అధికారి సంతకం పెట్టిన కాగితాన్ని మడత పడకుండా పర్సులో పెట్టుకుంది. నేను అలవాటు కొద్దీ స్టీరింగ్ వైపుకి నడిచాను. ఆవిడ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. గుర్తు తెచ్చుకుని ఇటువైపు వచ్చి, పక్క సీటులో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. వెళ్లేటప్పుడు నేను ఆ సీటులో లేకపోతే చట్టం ఊరుకునేది కాదు. వచ్చేటప్పుడు నేను ఉన్నా లేకపోయినా చట్టానికి పట్టలేదు.